రేడియోహెడ్ పాటల్లో ముందు ఏది, తరవాత ఏది: బెంగళూరు కొత్తగా వచ్చిన తమ్ముడికి

మా పిన్ని కొడుకు పోయిన జూన్‌లో ఉద్యోగానికి బెంగళూరు వచ్చాడు. మారతహళ్ళిలో పీజీ. మొదటి ఆదివారం భోజనానికి మా ఇంటికొచ్చినప్పుడు నా ఫోన్‌లో ప్లేలిస్ట్ చూసి, "అక్కా, ఈ రేడియోహెడ్ అంటే ఎవరు? మా టీమ్‌లో ఇద్దరు ఎప్పుడూ వీళ్ళ గురించే మాట్లాడుకుంటారు. దేనితో మొదలుపెట్టాలి?" అని అడిగాడు. 'క్రీప్' విను అనేస్తే అక్కడితో అయిపోయేది. అలా చెప్పడం వల్లే చాలామంది ఆ ఒక్క పాట దగ్గరే ఆగిపోవడం చూశాను. అందుకని, "రాసిస్తాన్లే, ముందు పెరుగన్నం తిను" అన్నాను. రాయడం మొదలుపెట్టాక, వాడిలాగే అడిగేవాళ్ళు ఇంకా ఉంటారు కదా అని అందరికీ పనికొచ్చేలా రాశాను.

నేను నెల్లూరులో పెరిగాను. పదో తరగతి దాకా పాట నేర్చుకున్నాను. గీతాలు, వర్ణాలు, నాలుగైదు కీర్తనలు, అంతే. గొంతు నిలవలేదు గానీ తొడ మీద తాళం వేసే అలవాటు మాత్రం పోలేదు. ఈ ఊరొచ్చాక హాస్టల్లో రూమ్మేట్ దగ్గర మొదటిసారి ఈ బ్యాండ్ విన్నాను. ఇప్పటికి పదిహేనేళ్ళు దాటింది. ఇంతకాలం వినగా నాకు తెలిసింది ఒకటే: వీళ్ళ పాటల్లో ఏది గొప్పది అని వెతికితే దారి దొరకదు. మీ చెవికి ఇప్పటికే ఏది అలవాటో చూసుకుని, అది ఉన్న పాటతో మొదలుపెట్టాలి. అప్పుడు మిగతా పాటలు వాటంతటవే వస్తాయి.

బ్యాండ్ గురించి రెండు ముక్కలు. ఇంగ్లండ్‌లో ఆక్స్‌ఫర్డ్ పక్కన ఆబింగ్డన్ అనే ఊళ్ళో, ఒకే బళ్ళో చదువుకున్న అయిదుగురు 1985లో మొదలుపెట్టారు. శుక్రవారాలు ప్రాక్టీస్ చేసుకునేవాళ్ళు కాబట్టి అప్పట్లో 'ఆన్ ఎ ఫ్రైడే' అని పేరు. రేడియోహెడ్ అయింది ఆ తరవాత. పాడేది టామ్ యార్క్. జానీ గ్రీన్‌వుడ్ లీడ్ గిటార్, ఇంకా చేతికి దొరికిన వాయిద్యమల్లా. అతని అన్న కోలిన్ బేస్ గిటార్. ఎడ్ ఓబ్రయన్ ఇంకో గిటార్. ఫిల్ సెల్వే డ్రమ్స్. 1993 నుంచి 2016 దాకా తొమ్మిది ఆల్బమ్‌లు చేశారు, ఒక్క మనిషి కూడా మారలేదు. పాటల్లో వినిపించే ఆ ఒద్దిక చిన్నప్పటి స్నేహంలోంచే వచ్చిందని నేను నమ్ముతాను.

గిటార్ ఇష్టమైతే: 'క్రీప్', 'ఫేక్ ప్లాస్టిక్ ట్రీస్'

కాలేజీ ఫెస్టుల్లో రాక్ వింటూ పెరిగినవాళ్ళు, గిటార్ కొంచెం వాయించగలిగినవాళ్ళు ఈ రెంటిలో ఒకటి ఎంచుకోవచ్చు.

'క్రీప్' 1992లో వచ్చింది. మొదట బ్రిటన్‌లో ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. బయటి దేశాల్లో పేరొచ్చాక 1993లో మళ్ళీ విడుదల చేస్తే అక్కడి చార్టుల్లో 7వ స్థానానికి వెళ్ళింది. పాట మొత్తానికి నాలుగే కార్డ్‌లు (కొన్ని స్వరాలు ఒకేసారి మోగించడం), జి, బి, సి, సి మైనర్. అవే తిరుగుతుంటాయి. చివరి కార్డ్ మేజర్ నుంచి మైనర్‌కి జారే చోట గుండె కొంచెం కిందికి దిగినట్టవుతుంది. ఇక కోరస్ ముందు వచ్చే గిటార్ దెబ్బలు. పాట మరీ మెత్తగా ఉందని జానీకి నచ్చక తీగల మీద గట్టిగా కొట్టాడని ఎడ్ చెప్పాడు. పాటను పాడుచేద్దామని కొట్టిన ఆ దెబ్బే దానికి గుర్తయి కూర్చుంది.

పాట మంచిదే. కాకపోతే ఒక్కసారి వినగానే తన దగ్గరున్నదంతా ఇచ్చేస్తుంది. పదోసారి విన్నా అదే దొరుకుతుంది. పైగా దీన్ని విని, బ్యాండ్ మొత్తం ఇలాగే ఉంటుందనుకుని తరవాతి ఆల్బమ్‌లకి వెళ్ళినవాళ్ళు దిక్కు తోచక వెనక్కొచ్చేస్తారు.

నన్నడిగితే 'ఫేక్ ప్లాస్టిక్ ట్రీస్'. 1995లో వచ్చిన 'ద బెండ్స్'లోది. ఈ పాట రికార్డింగ్‌లో ఎంతకీ కుదరలేదట. ఒక రోజు బ్యాండ్ అంతా జెఫ్ బక్లీ అనే అమెరికా గాయకుడి కచేరీకి వెళ్ళి, తిరిగి స్టూడియోకి వచ్చాక టామ్ ఒక్కడే అకూస్టిక్ గిటార్‌తో కూర్చుని పాడేశాడు. పాడి ఏడ్చేశాడు. ఆ గొంతు చుట్టూనే మిగతా వాయిద్యాలన్నీ తరవాత పేర్చారు. ముందు గిటార్, తరవాత మెల్లగా ఆర్గన్, తీగ వాయిద్యాలు, ఆ పైన డ్రమ్స్. ఎలక్ట్రిక్ గిటార్లు ఒక్కసారిగా లేచే చోటు కోసం పాట చాలాసేపు ఓపిక పడుతుంది. ఎంత పెద్ద మోత వచ్చినా చివరికి మళ్ళీ ఆ ఒక్క గొంతు దగ్గరికే వచ్చి ఆగుతుంది. 'క్రీప్'లో ఉన్న బాధే ఇక్కడా ఉంది, కానీ ఇక్కడ పాడేవాడు తన గురించి మాత్రమే అనుకోవడం లేదు, ఎదుటి మనుషుల అలసటని కూడా చూస్తున్నాడు. వయసు పెరిగేకొద్దీ ఈ పాట పెరుగుతుంది.

అదే ఆల్బమ్‌లో ఆఖరిది 'స్ట్రీట్ స్పిరిట్' కూడా అందమైనదే. మొదటి వారం మాత్రం పక్కన పెట్టండి. చాలా చీకటి పాట.

తాళం తెలిస్తే: 'పిరమిడ్ సాంగ్', '15 స్టెప్'

ఈ చోట కొంచెం ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే మనవాళ్ళకి ఉన్న సదుపాయం ఇక్కడే ఉంది, అది చాలామంది గమనించరు.

'పిరమిడ్ సాంగ్' 2001లో వచ్చిన 'ఆమ్నీసియాక్'లోది. పియానో మీద కార్డ్‌లు ఒకటి తరవాత ఒకటి పడుతుంటాయి. రెండు నిమిషాల దాకా డ్రమ్స్ ఉండవు. కార్డ్‌లు ఎక్కడ పడుతున్నాయో లెక్క అందదు. ఒకటి తొందరగా వచ్చినట్టుంటుంది, ఒకటి ఆలస్యంగా. దీని తాళం ఏమిటని ప్రపంచమంతటా అభిమానులు ఏళ్ళ తరబడి వాదించుకున్నారు.

నేను దీన్ని పట్టుకున్నది ఊరికి వెళ్ళే బస్సులో. శుక్రవారం రాత్రి బెంగళూరులో టిన్ ఫ్యాక్టరీ స్టాప్ దగ్గర ఎక్కాను. కోలార్ దాటేదాకా పాట మళ్ళీ మళ్ళీ పెట్టి ముందు సీటు కమ్మీ మీద వేళ్ళతో కొడుతున్నాను. నాలుగు నాలుగుగా కొడితే రెండో కార్డ్‌కే తప్పిపోతోంది. మూడు మూడుగా కొడితే మధ్యలో ఒకటి మిగులుతోంది. ఆ మిగిలిన ఒకటి ఎక్కడ మిగులుతోందో చూద్దామని నోటితో జతులు, అంటే తాళం లెక్కకి పలికే మాటలు, అనుకున్నాను. తకిట, తకిట, తకధిమి, తకిట, తకిట. సరిగ్గా పడింది. మూడు, మూడు, నాలుగు, మూడు, మూడు, మొత్తం పదహారు. అయిదు కార్డ్‌లు, పదహారు మాత్రలు. అంటే మన ఆది తాళం ఒక ఆవర్తనం, దెబ్బకి రెండు మాత్రల చొప్పున. బస్సు పలమనేరు దాటి మొగిలి ఘాట్ దిగుతుంటే అందరూ నిద్రపోతున్నారు, నేను మాత్రం చేత్తో ఆది తాళం వేస్తూ ఆ పియానో వింటున్నాను. ఆవర్తనం తిరిగి సమానికి, అంటే మొదటి దెబ్బకి, వచ్చిన ప్రతిసారీ మొదటి కార్డ్ నా చేతి కింద పడుతోంది. డ్రమ్స్ వచ్చాక, ఫిల్ సెల్వే ఆ నడకనే కొంచెం ఊపుతో పట్టుకుని నడిపిస్తాడు. అప్పటిదాకా గాలిలో తేలిన పాట నేల మీద కాలు పెట్టినట్టుంటుంది.

మీలో ఎవరైనా చిన్నప్పుడు సంగీతమో, మృదంగమో, నాట్యమో రెండేళ్ళైనా నేర్చుకుని ఉంటే సంకోచం లేకుండా ఈ పాటతోనే మొదలుపెట్టండి. అందరికీ చివర్లో అర్థమయ్యే పాట మీకు మొదటే అర్థమవుతుంది. లెక్క దొరికాక దాన్ని మర్చిపోయి మళ్ళీ వినండి. తీగ వాయిద్యాలు పైకి లేచే చోట నది, పడవ, పోయినవాళ్ళు మళ్ళీ కనబడడం లాంటి మాటలు వస్తాయి. భయం లేని చావు గురించి ఇంత నెమ్మదిగా పాడిన పాట ఇంకొకటి నాకు తెలియదు. మా తాతయ్య పోయిన ఏడాది దీన్ని ఎన్నిసార్లు విన్నానో.

'15 స్టెప్' దీనికి పూర్తిగా వేరు. 2007 నాటి 'ఇన్ రెయిన్‌బోస్'లో మొదటి పాట. అయిదు దెబ్బల లెక్క, చప్పట్లు, మధ్యలో పిల్లల కేకలు. ఖండ చాపు చేతికి అలవాటైతే తక తకిట అనుకుంటూ హాయిగా సాగిపోవచ్చు. పొద్దున్నే నడకకి వెళ్ళేవాళ్ళకి, బైక్ కడిగేటప్పుడు ఏదైనా పెట్టుకునేవాళ్ళకి ఇది మేలు. 'పిరమిడ్ సాంగ్'కి కూర్చోవాలి. దీనికి అక్కర్లేదు. రెంటిలో ఒక్కటే అంటే మొదటిదే.

బేస్, వయొలిన్లు వింటూ పెరిగితే: 'న్యూడ్', 'వియర్డ్ ఫిషెస్'

ఇళయరాజా పాటల్లో గొంతు కింద బేస్ గిటార్ తనదారిన తాను ఇంకో పాట పాడుకుంటూ పోవడం వింటూ పెరిగిన ఇళ్ళు మనవి. అది మీకు ఇష్టమైతే కోలిన్ గ్రీన్‌వుడ్ మీ మనిషి. 'న్యూడ్'లో అతని బేస్ ఒక్కటి పట్టుకుని పాట మొత్తం వినండి. టామ్ గొంతు పైన ఎక్కడో తేలుతుంటుంది, కింద బేస్ నింపాదిగా అడుగులు వేస్తుంటుంది, ఆ రెంటి మధ్యన ఖాళీ చాలా ఉంటుంది. ఆ ఖాళీయే పాట అందం.

దీనికి ఓపికతో ఎదురుచూసిన కథ ఉంది. 1990ల చివర్లోనే ఈ పాట కచేరీల్లో పాడారు. ఆల్బమ్‌లోకి, అదే 'ఇన్ రెయిన్‌బోస్'లోకి, మాత్రం 2007లో గానీ రాలేదు. పదేళ్ళ దాకా తగిన రూపం దొరక్కపోతే దొరికేదాకా పక్కన పెట్టారు. ఆ ఆల్బమ్‌నే 2007 అక్టోబర్ 10న తమ సైట్‌లో పెట్టి, ఎంత ఇవ్వాలనిపిస్తే అంత ఇచ్చి తీసుకోండి, ఏమీ ఇవ్వకపోయినా సరే అన్నారు. ఆ రోజుల్లో బ్యాంకు కార్డు లేని విద్యార్థులకి కూడా ఒక పెద్ద బ్యాండ్ కొత్త ఆల్బమ్ దొంగదారి పట్టకుండా దొరకడం చిన్న విషయం కాదు.

'వియర్డ్ ఫిషెస్' అదే ఆల్బమ్‌లో నాలుగోది. గిటార్లు ఒకదాని మీద ఒకటి చిన్న చిన్న అలల్లా వస్తూనే ఉంటాయి, కార్డ్ కొట్టడం ఉండదు, ఒక్కొక్క స్వరం విడివిడిగా మీటడమే. ఫిల్ డ్రమ్స్ మొదటి దెబ్బ నుంచి పరుగే. వానాకాలం సాయంత్రం ఔటర్ రింగ్ రోడ్డు మీద క్యాబ్‌లో ఇరుక్కున్నప్పుడు అద్దం మీద నీళ్ళు జారుతుంటే ఈ పాట పెట్టి చూడండి. ట్రాఫిక్ కదలకపోయినా మీరు కదులుతారు.

ఎవరికి ఏది? ఇంట్లో మంచి స్పీకర్ ఉండి, రాత్రి పదింటి తరవాత ఒక్కరే కూర్చునే వీలుంటే 'న్యూడ్'. ఇయర్‌ఫోన్స్, ప్రయాణం అయితే 'వియర్డ్ ఫిషెస్'. 'న్యూడ్'ని ట్రాఫిక్‌లో వింటే ఆ బేస్ మొత్తం బస్సు ఇంజిన్ మోతలో కొట్టుకుపోతుంది. 'రెకనర్' కూడా ఈ జాతిదే, రెండూ నచ్చితే మూడోది అదే.

'ఓకే కంప్యూటర్': నాలుగు పాటల్లో ఒకటి

1997లో వచ్చిన ఈ ఆల్బమ్ చాలామందికి బ్యాండ్ అంటే ఇదే. నాకూ అంతే. ఇందులో ఏది ముందు అన్నదే పెద్ద తగువు.

'పారనాయిడ్ ఆండ్రాయిడ్' ఆరు నిమిషాలకి పైగా ఉంటుంది. వేరువేరు పాటల్ని ఒక చోట కుట్టిన పని. మెల్లగా మొదలై, కోపంగా మారి, ఒక ప్రార్థనలా నెమ్మదించి, మళ్ళీ కోపంతో ముగుస్తుంది. కోపంగా ఉండే భాగంలో ఏడు దెబ్బల లెక్క దూరి కాలు తడబడేలా చేస్తుంది. మొదటిసారి వినేవాళ్ళకి ఇది పెళ్ళి భోజనం లాంటిది, ఒక్కసారే అన్నీ వడ్డిస్తే దేని రుచీ తెలియదు. పదిహేను రోజులు ఆగండి.

'కర్మ పోలీస్' అనే పేరు చూడగానే మనకి నవ్వొస్తుంది, కర్మకి పోలీసులేంటని. ఎవరైనా తప్పు చేస్తే కర్మ పోలీసులు పట్టుకుంటారని వాళ్ళలో వాళ్ళు అనుకునే మాట అది. పియానో నడక చాలా సులువుగా పట్టుబడుతుంది. నలుగురు స్నేహితులు మేడ మీద కూర్చుని ఒక గిటార్‌తో పాడుకోవడానికి ఇంతకు మించింది లేదు. చివర్లో ఎడ్ గిటార్ శబ్దం తనలో తను చుట్టుకుని అరుపులా మారి కూలిపోయే చోటు మాత్రం ఇయర్‌ఫోన్స్‌లో, కొంచెం తక్కువ వాల్యూమ్‌లో వినండి.

'నో సర్‌ప్రైజెస్' జోలపాటలా ఉంటుంది. చిన్న పిల్లల బొమ్మ వాయిద్యంలా గంటలు మోగుతుంటాయి, అది గ్లాకెన్‌స్పీల్. ఆ ఆల్బమ్ కోసం మొదట రికార్డ్ చేసింది ఇదే. వీడియోలో టామ్ తల చుట్టూ ఉన్న గాజు హెల్మెట్‌లోకి నీళ్ళు నిండుతుంటాయి. మునిగిపోయి, ఊపిరి బిగబట్టి, మళ్ళీ నీళ్ళు దిగాక పాట అందుకుంటాడు. ఉద్యోగం, అలసట, ఏ గొడవా లేని జీవితం చాలనే కోరిక. సోమవారం పొద్దున లాగిన్ అవడానికి ముందు ఈ పాట వినొద్దని తమ్ముడికి గట్టిగా చెప్పాను. శనివారం వినమన్నాను.

ఇక 'లెట్ డౌన్'. మొత్తం తొమ్మిది ఆల్బమ్‌లలో ఒక్క పాటే ఉంచుకోమంటే నేను ఉంచుకునేది ఇది.

బాత్ నగరం దగ్గర సెయింట్ కేథరిన్స్ కోర్ట్ అనే పాత బంగళాలో, డాన్స్ హాల్లో, తెల్లవారుజామున 3 గంటలకి రికార్డ్ చేశారు. ఆ పెద్ద గది గాలి పాటలో వినిపిస్తుంది. డ్రమ్స్ నాలుగు నాలుగుగా మామూలుగా నడుస్తుంటాయి. పైన జానీ గిటార్ మాత్రం అయిదు అయిదుగా మీటుకుంటూ పోతుంది. రెండూ కలుస్తాయి, విడిపోతాయి, మళ్ళీ ఎక్కడో కలుస్తాయి. వినేవాళ్ళకి ఈ లెక్క తెలియనక్కర్లేదు, మెరుపులాంటిది ఏదో ఎప్పుడూ కదులుతోందని మాత్రం తెలుస్తుంది. చివరి చరణంలో టామ్ గొంతు రెండుగా చీలి, ఒకటి కింద ఉండిపోయి ఇంకొకటి పైకి వెళ్ళే చోటుంది. పదిహేనేళ్ళుగా వింటున్నాను, ఆ చోటు వచ్చేసరికి చేస్తున్న పని ఆపేస్తాను.

పాటలో ఉన్నవి రోడ్లు, ట్రాము పట్టాలు, బయల్దేరడాలు, దిగడాలు. ఎక్కడికో పోతూనే ఉండి ఎక్కడికీ చేరని మనుషులు. ప్రతి శుక్రవారం రాత్రి బ్యాగు భుజానేసుకుని మడివాలలోనో, టిన్ ఫ్యాక్టరీలోనో బస్సు కోసం నిలబడి, ఆదివారం రాత్రి మళ్ళీ అదే బస్సెక్కి సోమవారం తెల్లారేసరికి ఇక్కడ దిగే మనవాళ్ళకి ఈ పాటని వేరే విడమర్చి చెప్పాల్సిన పని లేదు. దాన్ని అప్పట్లో సింగిల్‌గా, అంటే విడి పాటగా, అమ్మకానికి కూడా వెయ్యలేదు. అయినా కుర్రవాళ్ళు చిన్న వీడియోల్లో వాడుకోగా వాడుకోగా, 28 ఏళ్ళ తరవాత 2025లో అమెరికాలో వారం వారం వచ్చే వంద పాటల పట్టిక బిల్‌బోర్డ్ హాట్ 100 లోకి వచ్చింది. ఆ వార్త చదివిన రోజు మా ఇంట్లో పండగ చేసుకున్నాను, సేమ్యా పాయసం చేసి.

ఏ అలవాటూ లేనివాళ్ళు, రాక్ తెలియదు, తాళం తెలియదు, ఇప్పుడే మొదలు అనుకునేవాళ్ళు 'లెట్ డౌన్'తో మొదలుపెట్టండి.

'కిడ్ ఎ': ఎప్పుడు, ఎలా

2000 అక్టోబర్‌లో వచ్చిన 'కిడ్ ఎ' నుంచి ఒక్క సింగిల్ కూడా వెయ్యలేదు. గిటార్లు తగ్గించి సింథసైజర్లు పట్టుకున్నారు. తలుపు దగ్గరే చాలామంది ఆగిపోయేది ఇక్కడే. కాబట్టి దీన్ని రెండో నెలకి పెట్టుకోండి.

మొదటి పాట 'ఎవ్రీథింగ్ ఇన్ ఇట్స్ రైట్ ప్లేస్' పది దెబ్బల లెక్కలో తిరుగుతుంది, అంటే మనకి రెండు అయిదులు. టామ్ గొంతును ముక్కలు చేసి అటూ ఇటూ చల్లారు. చాలా ఏళ్ళ కిందట నా ఇయర్‌ఫోన్స్‌లో ఎడమది పనిచేసేది కాదు, వైరు మెలిపెట్టి పట్టుకుంటేనే వచ్చేది. ఒక రోజు వేలు జారి, మళ్ళీ పట్టుకునేసరికి అప్పటిదాకా వినబడని గొంతు ముక్క ఒకటి ఎడమ చెవిలోంచి తల మధ్యకి వచ్చింది. అన్నాళ్ళూ సగం పాటే విన్నానన్నమాట. ఆ జీతంలోనే కొత్తవి కొన్నాను. ఈ ఆల్బమ్ వినేముందు మీ రెండు చెవులూ పనిచేస్తున్నాయో లేదో చూసుకోండి, నిజంగా చెబుతున్నాను.

'ఇడియొటెక్' డాన్స్ పాటలా కనబడే హెచ్చరిక. పాల్ లాన్స్కీ అనే ఆయన 1973లో కంప్యూటర్ మీద చేసిన సంగీతంలోంచి నాలుగు కార్డ్‌ల ముక్క తీసుకుని దాని మీద కట్టారు. ఎలక్ట్రానిక్ సంగీతం, డీజే సెట్లు ఇష్టపడేవాళ్ళకి ఈ ఆల్బమ్‌లోకి తలుపు ఇదే. మా తమ్ముడికి అన్నిటికంటే ముందు పట్టింది కూడా ఇదే, నేను అనుకోలేదు.

'హౌ టు డిసప్పియర్ కంప్లీట్లీ' గురించి జాగ్రత్తగా చెప్పాలి. ఆకూస్టిక్ గిటార్, కింద అడుగు తప్పని బేస్, చుట్టూ డార్చెస్టర్ అబ్బీ చర్చిలో రికార్డ్ చేసిన తీగ వాయిద్యాలు. జానీ వాయించిన ఓండ్ మార్టెనో అనే పాత ఫ్రెంచ్ వాయిద్యం మనిషి మూలుగులా పైకి లేస్తుంది. నేను ఇక్కడ లేను అని తనకి తను చెప్పుకునే మనిషి పాట ఇది. కొన్నేళ్ళ కిందట నేను పనిచేసిన ఒక కంపెనీలో, ఒక మంగళవారం పొద్దున మా టీమ్ మొత్తాన్ని మీటింగ్ రూమ్‌లోకి పిలిచి మధ్యాహ్నానికల్లా ల్యాప్‌టాప్‌లు తీసేసుకున్నారు. ఫ్లైఓవర్ కింద నడుస్తూ ఈ పాట పెట్టుకున్నాను. ఆ రోజు నాకు తోడుగా నిలబడింది. ఆ మర్నాడు, ఆ పైవారం కూడా అదే వింటూ గదిలోంచి బయటికి రాలేదు, అది మంచిది కాలేదు. మా అమ్మ ఫోన్ చేసి, "ఇంటికొచ్చెయ్, నాల్రోజులుండి పో" అంటే వెళ్ళాను. మనసు బాగాలేనప్పుడు ఒక్కసారి వినండి, చాలు. తరవాత ఎవరికైనా ఫోన్ చెయ్యండి. మనసు బాగున్న రోజు, చివర్లో తీగలన్నీ అపస్వరంలోకి జారి మళ్ళీ శ్రుతిలోకి వచ్చే చోటు కోసం వినండి. అప్పుడు దాని పనితనం తెలుస్తుంది.

మన దేశంతో చుట్టరికం వెతుక్కునేవాళ్ళకి ఒక మాట. జానీ 2015లో జోధ్‌పూర్ మెహ్రాన్‌గఢ్ కోటలో షై బెన్ జుర్ అనే ఇజ్రాయెల్ సంగీతకారుడితో, రాజస్థాన్ కళాకారులతో కలిసి 'జునూన్' అనే ఆల్బమ్ చేశాడు. అందులో అతను వెనక కూర్చుని ఖవ్వాలీ గాయకులకి, బాజాల వాళ్ళకి ముందు పీట వేశాడు. ఇంట్లో పెద్దవాళ్ళతో కలిసి వినాలంటే దాంతో మొదలుపెట్టండి. మా అత్తగారికి నచ్చింది.

ఒకే పాట, రెండు రూపాలు

ఆఖరి తగువు నాకూ తమ్ముడికీ ఇంకా తెగలేదు. 'ట్రూ లవ్ వెయిట్స్' 1995 నుంచి కచేరీల్లో పాడుతున్నారు. 2001లో వచ్చిన లైవ్ రికార్డులో టామ్ ఒక్కడే అకూస్టిక్ గిటార్ గట్టిగా వాయిస్తూ పాడతాడు, జనం ఊపిరి బిగబట్టి వింటుంటారు. వెళ్ళిపోవద్దని అడిగే కుర్రవాడు అందులో ఉన్నాడు, అడిగితే ఆగుతారనే నమ్మకం కూడా ఉంది. స్టూడియో రూపం 2016లో 'ఎ మూన్ షేప్డ్ పూల్'లో గానీ రాలేదు, ఆల్బమ్‌లో చిట్టచివరి పాటగా. అందులో గిటార్ లేదు. రెండు మూడు పియానోలు ఒకదానితో ఒకటి కలవనట్టు, వాన ఆగాక చూరు నీళ్ళలా రాలుతుంటాయి. మాటలు అవే. అడిగేవాడికి ఇప్పుడు జవాబు తెలుసు, అయినా అడుగుతున్నాడు.

తమ్ముడికి గిటార్ రూపం ఇష్టం. "పియానోది వింటే ఎవరో ఇల్లు ఖాళీ చేసి వెళ్ళిపోయినట్టుంది అక్కా" అన్నాడు. నాకు పియానోదే ఇష్టం, వాడు చెప్పిన ఆ కారణానికే. మీరు మాత్రం రెంటినీ ఒకే రోజు వినకండి. ముందు 2001ది వినండి, కనీసం ఒక నెల దాంతోనే ఉండండి, మాటలు నోటికి వచ్చేదాకా. అప్పుడు ఏదో ఒక రాత్రి, ఇంట్లో దీపాలార్పేసి, ఫ్యాన్ కూడా ఆపి, 2016ది పెట్టండి.